ఏది ఫాస్టో ఒక్క ముక్కల చెప్పు

మా కాలేజీ కంప్యూటర్ ల్యాబులో ఇరవై మిషన్లుండేవి. ఖేడ్‌కు డిగ్రీ చదవడానికి వచ్చే పిల్లల్లో చాలామంది మొట్టమొదట కీబోర్డు మీద వేళ్లు పెట్టేది ఆ గదిలోనే. మనూర్, కల్హేర్, నాగల్‌గిద్ద వైపు నుంచి బస్సుల్లో, షేర్ ఆటోల్లో వచ్చి, గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి అడుగు పెట్టేవాళ్లు. చెప్పులు విడవమని నేనెప్పుడూ అనలేదు. నాకంటే ముందు ఎవరో చేసిన అలవాటు. నేను ఆ గదికి ఇన్‌స్ట్రక్టర్ని. ఏడాదికోసారి రెన్యువల్ చేసే ఉద్యోగం. అలా పదిహేనేళ్లు దాటింది.

ఆ మిషన్లు అప్పటికే బాగా పాతబడ్డాయి. పొద్దున స్విచ్ వేశాక తెర మీద బొమ్మ వచ్చేలోపు నేను హాజరు పిలిచి, బోర్డు తుడిచి, ఆనాటి పాఠం పేరు రాసి, ఇంకా కాసేపు ఊరికే నిలబడాల్సి వచ్చేది. వాటిలో ఉన్నది విండోస్. కంప్యూటర్ ఆన్ చేయగానే ముందుగా లేచి మిగతా ప్రోగ్రాములన్నిటినీ నడిపించేదాన్ని ఆపరేటింగ్ సిస్టం అంటారు. విండోస్ అలాంటిదొకటి, లినక్స్ ఇంకొకటి. లినక్స్‌ను ఎవరైనా తెచ్చి పెట్టుకోవచ్చు. పాత మిషన్ల మీద కూడా తేలిగ్గా నడిచే రకాలు దానిలో ఉన్నాయి. నేను ఇంట్లో అదే వాడుతూ దాని మీద ఇష్టం పెంచుకున్నాను. ల్యాబులో కూడా పెడితే పిల్లలకు సగం పీరియడ్ వృథా కాకుండా ఉంటుందని ప్రిన్సిపాల్‌ను ఏడాదిపాటు అడిగాను.

"పిల్లలకు విండోసే గద కావాల్సింది? బయట అందరు గదే వాడ్తున్నరు," అనేవాడు ఆయన.

చివరికి ఒకరోజు ఆయనే పిలిచాడు. "సరే, రెండు మిషన్లు పక్కపక్కన పెట్టి చూపియ్. కమిటీ పెద్దమనుషులు గూడ వస్తరు. నీదే ఫాస్ట్ ఉంటే అన్నిట్ల మార్సుకో," అన్నాడు.

నేను రెండు మిషన్లు ఎంచుకున్నాను. ఒకే మోడల్, ఒకేసారి వచ్చినవి. ఒకదానిలో పాత విండోస్‌ను ఉన్నది ఉన్నట్టే వదిలేశాను. ఆరేళ్లుగా పిల్లలు పెన్‌డ్రైవ్‌లలో తెచ్చి ఎక్కించిన ఆటలు, పాటలు, పెళ్లి వీడియోలు, ఒకదాని మీద ఒకటిగా పెట్టిన రెండు యాంటీవైరస్‌లు. డిస్కులో ఊపిరాడే జాగా లేదు. రెండో మిషన్ డిస్కును మొత్తం తుడిచి లినక్స్ కొత్తగా వేశాను.

పెద్దమనుషులు వచ్చి నిలబడ్డారు. రెండింటికీ ఒకేసారి స్విచ్ వేశాను. నాది ముందు లేచింది. విండోస్ మిషన్ ఇంకా గిరగిరా తిరుగుతుంటే అందరూ దాని వంకే చూస్తున్నారు. ఆ సందులో నా మిషన్‌లో ఉత్తరాలు రాసే ప్రోగ్రామును ఒకసారి తెరిచి మూసేశాను. ఒకసారి తెరిచింది మెమరీలో మిగిలి ఉంటుంది, రెండోసారి అడిగితే చప్పున వస్తుంది. పక్కది లేచాక, "ఇప్పుడు రెండింటిలోనూ ఉత్తరం రాసేది తెరుద్దాం సార్," అన్నాను. నాది రెప్పపాటులో వచ్చింది. పక్కది వచ్చేసరికి ఒకాయన ఫోన్ మాట్లాడి ముగించాడు. ఇంకొకాయన చప్పట్లు కొట్టాడు.

ఆ రోజు నేను నోటితో ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఒకే మోడల్ అన్నాను, నిజమే. ఒకేసారి స్విచ్ వేశాను, అందరూ చూశారు. పిల్లల మంచి కోసం చేసిన పని కాబట్టి లోపల కూడా ఏమీ అనిపించలేదు. ఇంటికి పోయి బాగా నిద్రపోయాను.

ఇరవై మిషన్లకూ లినక్స్ పెట్టాను. రెండేళ్లు ల్యాబు నిజంగానే మంచిగా నడిచింది.

ఒక విద్యార్థిని చేరింది ఆ రోజుల్లోనే. డిగ్రీ మొదటి సంవత్సరంలోకి వచ్చేనాటికి ఆమెకు ఇరవై ఏడేళ్లు. మనూర్ దాటి ఇంకా లోపలికి పోతే వచ్చే చిన్న ఊరు. ఇంటర్ తర్వాత పెళ్లి, ఒక పాప, ఆ తర్వాత మళ్లీ చదువు. పాపను అత్తమ్మ దగ్గర వదిలి రోజూ వచ్చేది. మధ్యలో రెండు సీజన్లు కందుల కొనుగోలు కేంద్రంలో కాంటా దగ్గర పనిచేసిందట. బస్తాలోంచి పిడికెడు కందులు తీసి తేమ చూడటం, అది రాసుకున్నాకే తూకానికి పంపడం ఆమె పని. బహుశా ఆ పని వల్లనే ఏమో, దేన్నీ ఒకసారి చూసి వదిలిపెట్టేది కాదు. మిగతావాళ్లు నేను చెప్పింది చేసి లేచిపోయేవాళ్లు. ఆమె అదే పని మళ్లీ చేసి, రెండుసార్లూ ఒకేలా వచ్చిందా అని చూసుకునేది. ఒక నోటుబుక్కు పెట్టుకుని అందులో రాసుకునేది.

ఒకరోజు ఆ నోటుబుక్కు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, గీ ప్రోగ్రాం పొద్దుగాల తెరిస్తే పద్నాలుగు లెక్కపెట్టేదాంక రాలే. మూసి మళ్ల తెరిస్తే మూడుకే వచ్చింది. ఎందుకట్ల?"

మెమరీ సంగతి చెప్పాను. అది నోటుబుక్కులో రాసుకుంది.

"అంటే రెండిటిని పోటీకి పెడితే, ఒకదాన్ని ముందుగాల తెరిచి మూస్తే గదే గెలుస్తది గద సార్?"

"అవునమ్మా."

"మరి మన ల్యాబుల లినక్స్ పెట్టేముందు పోటీ పెట్టిన్రంట గద. గప్పుడు ఎట్ల చూసిన్రు?"

"రెండూ సమానంగానే చూశాం," అన్నాను.

తల ఊపి వెళ్లి కూర్చుంది. నేను చేతిలో ఉన్న హాజరు పట్టీ వంక చూస్తూ ఉండిపోయాను. పెద్దమనుషుల ముందు ఆడాల్సిన అవసరం రాని అబద్ధం, ఏ అధికారమూ లేని ఒక విద్యార్థి ముందు అంత సులువుగా వచ్చేసింది.

ఆమె మూడో సంవత్సరంలోకి వచ్చినప్పుడు కాలేజీకి ఒక ప్రతిపాదన వచ్చింది. హైదరాబాద్ నుంచి కంప్యూటర్లు తెచ్చి ఇచ్చే ఒకాయన, మా పాతవి ఇరవై తీసుకుని, కొత్తవి ఎనిమిది ఇస్తానన్నాడు. కొత్తవాటిలో విండోస్ ఉంటుంది. ప్రిన్సిపాల్‌కు నచ్చింది. గదికి కొత్త కళ వస్తుంది, తనిఖీకి వచ్చేవాళ్ల ముందు పరువుగా ఉంటుంది అన్నాడు. నేను వద్దన్నాను. ఎనిమిది మిషన్ల ముందు ముప్పై మందిని ఎట్లా కూర్చోబెట్టాలి?

"గయి స్లో ఉన్నయంట గదయ్యా పాతయి," అన్నాడు ప్రిన్సిపాల్.

"స్లో కాదు సార్. పిల్లల పనికి సరిపోతున్నాయి."

"అయితే చూద్దాం. నాడు నువ్వు చూపించినట్టే పక్కపక్కన పెడదాం."

గురువారం పొద్దున ఆ హైదరాబాద్ ఆయన ఒక కొత్త మిషన్ తీసుకుని వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. నన్ను సార్ అని పిలిచాడు. మా పాతవాటిలో ఏదో ఒకటి తీసుకుందామని, తనకు దగ్గరగా కిటికీ పక్కన ఉన్నదాని మీద చెయ్యి పెట్టాడు. అది ఇరవైలోకీ అధ్వాన్నమైనది. వానాకాలంలో జల్లు కొట్టి, లోపలి డిస్కు కిర్రుమనే శబ్దం చేస్తూ ఉండేది. ఇంకోటి తీసుకుందామని నేనన్నాను. "పాతయన్నీ పనికి సరిపోతున్నయ్ అన్నవు గద?" అన్నాడు ప్రిన్సిపాల్.

కమిటీలో అప్పటి పెద్దమనుషులే ఉన్నారు. మా పిల్లలు గోడ వెంబడి నిలబడ్డారు, ఆమె కూడా. ప్రిన్సిపాల్ తన ఫోన్‌లో స్టాప్‌వాచీ తీశాడు.

కొత్తది పది సెకన్లు కాకముందే లేచింది. మాది లేస్తూనే ఉంది. ముందురోజు సాయంత్రం కరెంటు పోయి అర్ధంతరంగా ఆగిపోవడం వల్ల డిస్కును మొదటి నుంచి చివరిదాకా సరిచూసుకోవడం మొదలుపెట్టింది. కిర్రు, కిర్రు. గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు.

నేను ముందుకు వచ్చాను. "సార్, ఇది న్యాయమైన పోటీ కాదు. కొత్తదానిలో డిస్కే వేరు, అందులో తిరిగే చక్రం లేదు, మాదాని కంటే ఎన్నో రెట్లు వేగం. పైగా కొత్తదాన్ని మామూలుగా ఆపితే అది పూర్తిగా ఆగదు. సగం నిద్రపోయి, స్విచ్ వేయగానే ఆ నిద్రలోంచి లేస్తుంది. మాది మొదటి నుంచి మొదలుపెట్టాలి. పడుకున్నవాడు లేవడాన్నీ, మనిషి పుట్టడాన్నీ ఒకే గడియారంతో కొలుస్తున్నాం. ఇందులో విండోస్ గొప్పా లేదు, లినక్స్ తప్పూ లేదు."

ప్రిన్సిపాల్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "నాడు నువ్వు రెండు పక్కపక్కన పెట్టి చూపిస్తివి. గప్పుడు న్యాయమే ఉండె. ఇయ్యాల నీది ఓడితే న్యాయం లేదా?"

అప్పుడు ఆ హైదరాబాద్ ఆయన నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "ఆ రోజు పాత విండోస్‌ని క్లీన్ చేసి, కొత్తగా వేసి పెట్టారా సార్?"

ఆయనకు పని తెలుసు. ఒక్క ప్రశ్నతో లోపలిదాకా చూశాడు. నేను తల తిప్పాను. గోడ దగ్గర నుంచి ఆమె నా వంక చూస్తోంది. ఆ చూపులో కోపమేమీ లేదు. లెక్క ఎక్కడ తప్పిందో వెతుకుతున్నట్టుంది.

నేను ఒక్క అవకాశం అడిగాను. సోమవారం దాకా గడువిస్తే సరిగ్గా పరీక్ష చేసి కాగితం మీద రాసి ఇస్తానన్నాను. హైదరాబాద్ ఆయన అభ్యంతరం చెప్పలేదు. తెచ్చిన కొత్త మిషన్ ఇక్కడే వదిలి పోతానని, దానిలో ఏం కావాలంటే అది వేసి చూసుకోమని, చివరికి మళ్లీ మామూలుగా చేసి ఇస్తే చాలని అన్నాడు. పెద్దమనుషులు లేచి వెళ్లిపోయారు.

శుక్రవారం క్లాసులయ్యాక ఆమె ఉండిపోయింది. "నేను రాస్త సార్, మీరు నడిపియ్యిన్రి," అంది.

పాత మిషన్లలో మధ్యరకంగా ఉన్నదాన్ని తీసుకున్నాం, మరీ మంచిదీ కాదు, మరీ చెడ్డదీ కాదు. దాని డిస్కు తుడిచి, మిషన్‌తో పాటు మొదట వచ్చిన విండోస్‌ను కొత్తగా వేశాం. రెండింటినీ ఒకే డిస్కులో చెరో భాగంలో వేద్దామా అని ఆమె అడిగింది. వద్దన్నాను. తిరిగే చక్రంలో అంచు దగ్గరి భాగం వేగం, లోపలి భాగం నెమ్మది. ఒకదానికి అంచు ఇచ్చి ఇంకోదానికి లోపలిది ఇస్తే అక్కడే పక్షపాతం. ముందు ఒకటి వేసి కొలిచి, తుడిచి, అదే జాగాలో రెండోది వేయాలి.

"తడి కందులు, ఎండిన కందులు ఒక్కటే కాంటా మీద పెట్టొద్దు అన్నట్టు," అంది ఆమె, రాసుకుంటూనే.

ప్రతి కొలతకూ ముందు మిషన్‌ను పద్ధతిగా, సగం నిద్ర లేకుండా ఆపి, ఆ తర్వాత తీగ పీకేవాళ్లం. మళ్లీ స్విచ్ వేసేవరకు ఇద్దరం ఊరికే కూర్చునేవాళ్లం. అవే ప్రోగ్రాములు, అదే తెలుగు ఉత్తరం, అవే ఫోటోలు. ఒక్కో పనినీ పదిసార్లు. ఒకసారి మరీ తక్కువ వస్తే నాకు లోపల సంతోషంగా ఉండేది. ఆమె మాత్రం, "గిది పొరపాటున వచ్చినట్టుంది సార్, మళ్ల చేద్దాం," అనేది.

శనివారం మధ్యాహ్నం లినక్స్ వంతు వచ్చింది. ఆరుసార్లు కొలిచాం. నేనింక ఉండలేకపోయాను.

"అమ్మా, ఆనాడు నేను సమానంగా చూడలేదు. విండోస్‌ను చెత్తతో సహా వదిలేశాను. లినక్స్‌లో ప్రోగ్రామును ముందే తెరిచి మూశాను. నువ్వు అడిగితే నీకూ అబద్ధం చెప్పాను."

ఆమె పెన్ను ఆపింది. "ఎందుకు సార్?"

"మిషన్లు బాగుపడతాయని."

"గది కాదు. నాకెందుకు చెప్పిన్రు అబద్ధం?"

"సిగ్గేసింది."

ఫరవాలేదు అంటుందని ఎదురు చూశాను. అనలేదు. నోటుబుక్కులో గీత గీసుకుని, "ఇగో, ఏడోసారి. స్విచ్ వెయ్యిన్రి," అంది.

ఆదివారం కొత్త మిషన్ మీద రెండింటినీ కొలిచాం. ఆ రోజు నేను చర్చికి పోలేదు, నా భార్య ఒక్కతే పోయింది. సాయంత్రానికి పని అయిపోయింది. నోటుబుక్కులో తేలింది ఇది: పాత మిషన్ మీద లినక్స్ కొంచెం ముందుంది. కానీ ఆనాడు నేను చూపించినంత కాదు, దానిలో నాలుగో వంతు కూడా కాదు. తెలుగు ఉత్తరం తెరవడంలో రెండూ సమానం. ప్రింటు ఇవ్వడంలో విండోస్ ముందుంది. చిన్న చిన్న ఫైళ్లు ఎన్నో ఒకేసారి కాపీ చేయడంలో లినక్స్ ముందుంది. కొత్త మిషన్ మీద రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అసలు తేడా అంతా డిస్కుది. మా ఇరవై మిషన్లకూ కొత్తరకం డిస్కులు వేస్తే చాలు, ఏ సిస్టం పెట్టినా పిల్లలకు హాయిగా నడుస్తాయి.

నా జీవితంలో నేను చేసిన అత్యంత నిజాయితీ గల పని అది. నాలుగు పేజీలు రాశాను. ఏది ఎట్లా కొలిచామో, ఎక్కడ పొరపాటు జరగడానికి వీలుందో కూడా రాశాను. ఆనాటి నా పోటీ సరైనది కాదని ఒక పేరా రాశాను.

సోమవారం ప్రిన్సిపాల్ గదిలో కాగితాలు ఇచ్చాను. ఆయన మొదటి పేజీ చూసి, రెండోది తిప్పి, బల్ల మీద పెట్టాడు.

"గింత చదివే టైం లేదు. ఏది ఫాస్టో ఒక్క ముక్కల చెప్పు."

"పాత మిషన్ మీద అయితే సార్..."

"ఒక్క ముక్కల."

ఆ క్షణం నాకు బాగా గుర్తుంది. లినక్స్ అని ఒక్క మాట అంటే చాలు. పాత మిషన్ మీద అది నిజం కూడా. మూడు రోజుల ముందైతే అనేవాణ్ణే. కానీ ఆమె పదిసార్లు, పదిసార్లు రాసిన అంకెలు నా కళ్ల ముందున్నాయి.

"రెండూ దాదాపు ఒకటే సార్. తేడా డిస్కులది. డిస్కులు మారిస్తే..."

"ఒకటే అయితే కొత్తయే మంచియి గద," అన్నాడు ప్రిన్సిపాల్. కాగితాలను ఫైలు కింద పెట్టాడు. "పరేషాన్ గాకు. నువ్వే చెప్పినవ్, రెండూ ఒకటే అని. కమిటీకి గదే చెప్త."

నా మాటే. నా చేత్తో కొలిచిన నిజమే. దాన్ని పట్టుకునే ఆయన నా ల్యాబును తీసేశాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకు కావలసినంత నిజం తీసుకుని, మిగతాది నాకు వదిలేశాడు. మోసం చేసిననాడు ఇరవై మిషన్లు నిలబడ్డాయి, న్యాయంగా ఉన్ననాడు పోయాయి. దీన్ని ఎట్లా అర్థం చేసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు. తలచుకున్నప్పుడల్లా మనసులో ఏదో ఒక మూల, ఆ ఒక్క మాట అనేస్తే ఏమయ్యేది అని అడుగుతుంది. ఆ అడగడం కూడా నాకు అసహ్యమే.

వారంలోపు డీసీఎం వ్యాను వచ్చింది. ఇరవై మానిటర్లు, ఇరవై డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, తాడు కట్టి తీసుకుపోయారు. గోడ వెంబడి ప్లగ్గులు ఖాళీగా మిగిలాయి. ఎనిమిది కొత్తవి వచ్చాయి, నిజంగానే అందమైనవి. స్విచ్ వేస్తే పది సెకన్లు. ఒక్కోదాని ముందు నలుగురు. ఒకరు కూర్చుంటే ముగ్గురు నిలబడి చూడాలి. నేను వంతులు పెట్టాను. కానీ వంతులు కాగితం మీదే. చొరవ ఉన్నవాళ్లు, ఇంట్లో లాప్‌టాప్ ఉండి ముందే చెయ్యి తిరిగినవాళ్లు మౌస్ పట్టుకునేవాళ్లు. నేను లేపితే లేచేవాళ్లు. బోర్డు వైపు తిరిగి మళ్లీ వెనక్కి చూసేసరికి వాళ్లే కూర్చుని ఉండేవాళ్లు. ఆమె నిలబడేవాళ్లలో ఉండేది. కొన్నాళ్లకు నోటుబుక్కు తేవడం మానేసింది.

"ఎందుకు తెస్తలేవమ్మా?" అని అడిగాను.

"ఏం రాయాలె సార్? చూసుడే గద," అంది.

డిగ్రీ అయిపోయే ముందు సంగారెడ్డిలో ఒక ప్రైవేటు ఆఫీసు వాళ్లు తెలుగు టైపింగు తెలిసినవాళ్ల కోసం పరీక్ష పెట్టారు. మా కాలేజీ నుంచి పదకొండు మంది పోయారు. అందరిలోకీ ఆమెకే వస్తుందని నేను నమ్మాను. రెండేళ్లు లినక్స్ మిషన్ల మీద టైపు చేసిన చెయ్యి అది. తెర వంక తప్ప కీబోర్డు వంక చూసేది కాదు.

అక్కడి మిషన్లలో కీబోర్డు మీద తెలుగు అక్షరాల అమరిక వేరు. లినక్స్‌తో పాటు వచ్చిన అమరికను నేను మా పిల్లలకు నేర్పాను, కొత్త మిషన్లలోనూ అదే పెట్టాను, నాకు అదే మంచిదనిపించింది కాబట్టి. బయట వేరే అమరికలు ఉంటాయని ఒకసారి మాట వరసకు చెప్పి ఉంటాను. కూర్చోబెట్టి అవి నేర్పలేదు. అక్కడ 'క' ఉండాల్సిన చోట ఇంకేదో ఉంది. పది నిమిషాల పరీక్ష. అందరికీ ఒకే పేరా, ఒకే గడియారం. ఆ అమరిక మీద ఇంట్లో నేర్చుకుని వచ్చినవాళ్లకూ అదే గడియారం, మొదటిసారి చూస్తున్న ఆమెకూ అదే. ఎవరిదీ అన్యాయమని అనలేం. అందరినీ సమానంగానే చూశారు.

ఆమెకు ఉద్యోగం రాలేదు. నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు. డిగ్రీ పరీక్షలు రాసి వెళ్లిపోయింది. సర్టిఫికెట్ కూడా వాళ్ల ఆయన వచ్చి తీసుకుపోయాడు.

ఏడెనిమిది నెలల తర్వాత ఖేడ్ బస్టాండులో కనిపించింది. పాప చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. దవాఖానకు తీసుకొచ్చానని, పాపకు జ్వరం తగ్గడం లేదని చెప్పింది. ఏం చేస్తున్నావని అడిగాను.

"కందుల సీజన్ల కేంద్రం కాడికి పోతున్న సార్. మిగిలిన దినాలు చేనుకు."

"ఇంకోసారి పరీక్ష రాయరాదా అమ్మా? ఆ అమరిక నెల రోజుల్లో నేర్పుతాను. సాయంత్రాలు ల్యాబు ఖాళీగానే ఉంటుంది."

"ఆటో ఆరింటికే ఆఖరు సార్." పాప చెయ్యి మార్చి పట్టుకుని అంది, "గాళ్లు కాగితం మీద నా చేయి స్లో అని రాసిన్రు. నా పేరు పక్కన గట్లనే రాసి అందరు చూసేటట్టు గోడకు పెట్టిన్రు. నా చేయి స్లో కాదు సార్."

"కాదమ్మా. నాకు తెలుసు."

"మీకెరుక. ఇంకెవరికెరుక?"

నేర్పకపోవడం నా తప్పు అన్నాను. ఈసారి కూడా ఫరవాలేదు అనలేదు. మనూర్ వైపు పోయే ఆటో వచ్చింది. పాపను ముందు ఎక్కించి, తను ఎక్కి, కొంగు సర్దుకుంది. పాప నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. నేను బాయ్ చెబితే పాప చెయ్యి ఊపింది, ఆమె రోడ్డు వంక చూస్తోంది.

ఆ తర్వాతి నెలలో కాలేజీ వార్షిక నివేదికలో ల్యాబు భాగం రాయమని ప్రిన్సిపాల్ ఒక ఫారం ఇచ్చాడు. అందులో ఒక వరుస: గత సంవత్సరాలతో పోలిస్తే కంప్యూటర్ల పనితీరు మెరుగైందా? అవును అని రాయాలి, ఎందుకంటే అవును. ఏ మిషన్ తీసుకున్నా, ఎన్నిసార్లు కొలిచినా, పూర్తిగా ఆపి కొలిచినా, కొత్తవి వేగమే. ఒక్కో విద్యార్థి చేతికి కీబోర్డు రోజుకు ఎన్ని నిమిషాలు అందుతోంది అనే వరుస ఆ ఫారంలో లేదు. పక్కన అంచులో రాద్దామని పెన్ను పెట్టాను. నాలుగు పేజీలు చదవని చోట అంచులో రాసింది ఎవరు చదువుతారు అనిపించింది. అది సాకు అని కూడా తెలుసు. రెన్యువల్ కాగితం కూడా ఆ వారమే రావాలి.

అవును అని రాసి సంతకం పెట్టాను. ఈ ఫారంలోనూ అబద్ధం ఒక్కటీ లేదు.

మధ్యాహ్నం రెండో బ్యాచ్ వచ్చింది. కొత్తగా చేరిన పిల్లలు, ముప్పై నలుగురు. ఎనిమిది కుర్చీల్లో ఎనిమిది మంది కూర్చున్నారు. మిగతావాళ్లు వెనక నిలబడ్డారు. చివరి వరుసలో ఒక పిల్ల మునివేళ్ల మీద లేచి తెర చూడటానికి ప్రయత్నిస్తోంది. తలుపు దగ్గర ఇద్దరికి అసలు ఏమీ కనిపించడం లేదు. నేను బోర్డు తుడిచి పాఠం పేరు రాశాను.